కౌంటర్-స్ట్రైక్ కథ: ఇద్దరు స్టూడెంట్లు చేసిన ఫ్రీ మాడ్ నుంచి సీఎస్ 2 దాకా

"బీ, నాలుగు, రెండు."

ఈ మూడు కీలు వరసగా నొక్కితే ఏమొస్తుందో మీకు తెలుసా? తెలిస్తే మీరు కూడా మా బ్యాచే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: కౌంటర్-స్ట్రైక్ 1.6లో టెర్రరిస్ట్ టీమ్‌లో ఉండి ఆ మూడూ నొక్కితే చేతిలోకి ఏకే-47 వస్తుంది. నేను సిద్దిపేటలో స్కూల్లో చదువుకునేటప్పుడు మా ఇంటి దగ్గర ఓ చిన్న నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది సిస్టమ్‌లు, రెండు ఫ్యాన్లు, గంటకి 15 రూపాయలు. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయే మా దోస్తు ఒకడికి గన్‌ల కీలు మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేవి. "అరేయ్, బాంబ్ పెట్టిన్రు రా, ఉరుకు!" అని వాడు అరిస్తే పక్కన రైల్వే ఎగ్జామ్ అప్లికేషన్ నింపుకుంటున్న అన్న ఉలిక్కిపడేవాడు.

ఈ మధ్య ఇంజినీరింగ్ సెకండియర్ చదివే మా కజిన్ ఫోన్ చేశాడు. "అన్నా, నా ల్యాప్‌టాప్‌ల కౌంటర్-స్ట్రైక్ నడుస్తదా? ఏది డౌన్‌లోడ్ చెయ్యాలె? సీఎస్ గో అని కొడితే సీఎస్ 2 వస్తున్నది. 1.6 అంటే వేరేదా?" అని. రెండు నిమిషాల్లో చెప్పేద్దాం అనుకున్నా. అరగంట పట్టింది. ఎందుకంటే ఈ ప్రశ్నకి జవాబు స్పెసిఫికేషన్లలో లేదు, ఈ గేమ్ చరిత్రలో ఉంది. ఆ అరగంట మాటలే ఈ ఆర్టికల్.

ఒక్క ముక్కలో చెప్పాలంటే: 25 ఏళ్లలో కౌంటర్-స్ట్రైక్ ఆట పెద్దగా మారలేదు. ఆట చుట్టూ ఉన్నదే మారింది. ఇంజిన్ మారింది, అమ్మే పద్ధతి మారింది, డబ్బు వచ్చే దారి మారింది. ఆఖరికి ఆ గేమ్ మీద మనకున్న హక్కు కూడా మారింది. ఎలాగో చూద్దాం.

ముందు ఆట ఏంటో క్లియర్ చేసుకుందాం

రెండు టీమ్‌లు, ఒక్కో టీమ్‌లో ఐదుగురు. టెర్రరిస్టులు మ్యాప్‌లో ఏ సైట్‌లోనో బీ సైట్‌లోనో బాంబ్ పెట్టాలి. కౌంటర్ టెర్రరిస్టులు దాన్ని ఆపాలి, లేదా పెట్టిన బాంబ్‌ని డిఫ్యూజ్ చెయ్యాలి. ఇప్పటి వెర్షన్‌లో బాంబ్ పేలడానికి 40 సెకన్లు. డిఫ్యూజ్ చెయ్యడానికి ఉత్త చేతులతో అయితే 10 సెకన్లు, కిట్ ఉంటే 5. కిట్ ఖరీదు 400 డాలర్లు, గేమ్ డబ్బుల్లో అన్నమాట.

ఇది వింటే చాలా సింపుల్‌గా ఉంది కదా? అసలు కిటుకు రెండు రూల్స్‌లో ఉంది.

ఒకటి, చచ్చిపోతే ఆ రౌండ్ అయ్యేదాకా మళ్లీ బతకరు. అప్పట్లో క్వేక్ 3, అన్‌రియల్ టోర్నమెంట్ లాంటి గేమ్స్‌లో చచ్చిన వెంటనే మళ్లీ పుట్టేయొచ్చు, కాబట్టి ప్రాణానికి విలువ తక్కువ. ఇక్కడ ఒక్క తప్పు చేస్తే నిమిషమో ఒకటిన్నర నిమిషమో దోస్తుల ఆట చూస్తూ కూర్చోవాలి. గోడ మలుపు తిరిగేటప్పుడు గుండె దడదడలాడేది అందుకే.

రెండు, డబ్బు. మొదటి రౌండ్‌లో చేతిలో 800 డాలర్లే ఉంటాయి. ఏకే-47 కొనాలంటే 2,700 కావాలి. ఏడబ్ల్యూపీ స్నైపర్ కావాలంటే 4,750. రౌండ్ గెలిస్తే ఎక్కువ డబ్బు, ఓడితే తక్కువ. కానీ వరసగా ఓడిపోతుంటే ఓటమి బోనస్ కొంచెం కొంచెం పెరుగుతుంది. దాంతో ఒక రౌండ్‌ని తెలిసే వదిలేసి, పైసలు దాచి, వచ్చే రౌండ్‌లో టీమ్ మొత్తం పెద్ద గన్‌లు కొనే ప్లాన్ పుట్టింది. దాన్నే ఈకో రౌండ్ అంటారు. షూటింగ్ గేమ్‌లో నెలాఖరు జీతం లెక్కలు పెట్టిన గేమ్ ఇది.

ఈ రెండు రూల్సూ మొదట్నుంచీ ఉన్నాయి, ఇవాళ సీఎస్ 2లోనూ ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1999: కాలేజీ పిల్లల పని

1998 నవంబర్‌లో వాల్వ్ అనే కంపెనీ హాఫ్-లైఫ్ అనే షూటింగ్ గేమ్ విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికొచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ 1996లో పెట్టిన కంపెనీ అది. దాని ఇంజిన్ పేరు గోల్డ్‌సోర్స్. ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ల క్వేక్ ఇంజిన్‌ని లైసెన్స్ తీసుకుని, భారీగా మార్చి చేసుకున్నది.

వాల్వ్ ఒక మంచి పని చేసింది. గేమ్‌తో పాటు దాన్ని మార్చుకునే టూల్స్‌ని కూడా జనానికి ఇచ్చింది. అలా వేరేవాళ్ల గేమ్ ఇంజిన్ మీద మన సొంత గేమ్ కట్టుకుంటే దాన్ని మాడ్ అంటారు. పునాది, పిల్లర్లు వాళ్లవి. గదులు, గోడలు, రంగులు మనవి.

కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మిన్ లీ ఆ టూల్స్ పట్టుకున్నాడు. ఆన్‌లైన్‌లో ఇతని పేరు గూస్‌మన్. అంతకుముందే క్వేక్ మీద నేవీ సీల్స్ అనే మాడ్ చేశాడు, యాక్షన్ క్వేక్ 2 అనే మాడ్‌కి కూడా పనిచేశాడు. ఆ మాడ్ సర్కిల్‌లోనే అమెరికాలో చదువుకుంటున్న జెస్ క్లిఫ్ పరిచయమయ్యాడు. మిన్ లీ కోడ్, గన్‌లు, మోడల్స్ చూసుకుంటే, జెస్ క్లిఫ్ వెబ్‌సైట్, సౌండ్స్, ఆడేవాళ్లతో మాట్లాడటం చూసుకున్నాడు. ఆఫీస్ లేదు, ఫండింగ్ లేదు, క్లాసులు అయ్యాక మిగిలిన టైం మాత్రమే ఉంది.

1999 జూన్ 19న బీటా 1 బయటికి వచ్చింది. హాఫ్-లైఫ్ ఉన్నవాళ్లెవరైనా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో బందీల్ని విడిపించే ఆట మాత్రమే ఉంది. మనం కౌంటర్-స్ట్రైక్ అనగానే గుర్తొచ్చే బాంబ్ పెట్టడం, డిఫ్యూజ్ చెయ్యడం బీటా 4లో గానీ రాలేదు. అంటే ఆ గేమ్ ఆత్మ అనుకునేది మొదటి వెర్షన్‌లో లేనే లేదు! బీటా వదలడం, ఆడినవాళ్లు ఏమంటున్నారో వినడం, మార్చడం, మళ్లీ వదలడం. ఇలా బీటా 7 దాకా నడిచింది. ఇప్పుడు మా ఆఫీసుల్లో ఎజైల్ అని స్లైడ్లు వేసి చెప్పేది వీళ్లు చదువుకుంటూనే చేసేశారు.

మ్యాప్‌ల కథ ఇంకా బాగుంటుంది. చాలా మ్యాప్‌లు అభిమానులు చేసినవే. అందరికీ తెలిసిన డస్ట్ మ్యాప్ చేసిన డేవ్ జాన్‌స్టన్ అప్పటికి ఇంగ్లండ్‌లో ఒక టీనేజ్ కుర్రాడు. ఇంకా విడుదల కాని టీమ్ ఫోర్ట్రెస్ 2 స్క్రీన్‌షాట్లలో కనిపించిన ఎడారి రంగు గోడలు నచ్చి, వాటిని చూసి డస్ట్ కట్టాడు. తర్వాత 2001లో వచ్చిన డస్ట్ 2 కూడా అతనిదే. నెట్ సెంటర్‌లో మాకు వేరే మ్యాప్‌లు ఉన్నాయన్న సంగతే చాలా రోజులు తెలియదు. కౌంటర్-స్ట్రైక్ అంటే డస్ట్ 2, డస్ట్ 2 అంటే కౌంటర్-స్ట్రైక్.

2000 నుంచి 2003: వాల్వ్ చేతికి, స్టీమ్ లోపలికి

ఫ్రీ మాడ్‌కి జనం ఎగబడటం చూసి వాల్వ్ 2000లో దాన్ని కొనేసింది, మిన్ లీ, జెస్ క్లిఫ్ ఇద్దర్నీ పనిలోకి తీసుకుంది. 2000 నవంబర్‌లో వెర్షన్ 1.0 డబ్బాలో పెట్టి షాపుల్లో అమ్మారు. ఆ తర్వాత 1.1, 1.3, 1.5 అని ఫ్రీ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి.

2003 సెప్టెంబర్‌లో 1.6 వచ్చింది. గలీల్, ఫమాస్ రైఫిల్స్, చేతిలో పట్టుకునే షీల్డ్ కొత్తగా వచ్చాయి. కానీ అసలు పెద్ద మార్పు గేమ్‌లో కాదు, గేమ్ వచ్చే దారిలో. ఆ నెలలోనే వాల్వ్ స్టీమ్‌ని మొదలుపెట్టింది. ఆన్‌లైన్‌లో 1.6 ఆడాలంటే స్టీమ్ ఉండాల్సిందే అంది. అప్పట్లో జనానికి ఇది అస్సలు నచ్చలేదు. స్లో ఇంటర్నెట్, మాటిమాటికీ అప్‌డేట్లు, సర్వర్లు పడిపోవడం. చాలామంది 1.5 దగ్గరే ఆగిపోయారు. 2004లో వాల్వ్ పాత ఆన్‌లైన్ వ్యవస్థని మూసేశాక ఆ దారి కూడా పోయింది.

ఇవాళ మనం పీసీ గేమ్ కొనాలంటే ముందు చూసేది స్టీమ్‌లోనే. ఆ దుకాణానికి మొదటి కస్టమర్లని బలవంతంగా లాక్కొచ్చింది కౌంటర్-స్ట్రైక్. కంపెనీ చేతిలో స్విచ్ ఉంటే ఏం జరుగుతుందో జనం చూడటం కూడా అదే మొదటిసారి. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

మరి సిద్దిపేట నెట్ సెంటర్‌లోకి ఎలా వచ్చింది?

స్టీమ్ వద్దన్న పనులన్నీ చేసే వచ్చింది, నిజం ఒప్పుకోవాలి. మా నెట్ సెంటర్‌లో ఉన్నది పెన్‌డ్రైవ్‌లో ఊరూరూ తిరిగిన కాపీ. మాలో ఎవడికీ స్టీమ్ అకౌంట్ లేదు. అసలు అలాంటిది ఒకటుందని కూడా తెలియదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రాసి జీతం తీసుకుంటున్నాను కాబట్టి అది రైట్ అని చెప్పను. కానీ అలా జరిగింది, దేశమంతా అలాగే జరిగింది.

ఎందుకు ఈ గేమే అంటే మూడు కారణాలు.

మొదటిది, బరువు తక్కువ. 1.6 కనీస అవసరాలు చూడండి: 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 96 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ వీడియో కార్డ్. జీబీలు కాదు, ఎంబీలు. ఆఫీస్ వాళ్లు తీసేసిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లో కూడా గాలిలో తేలినట్టు నడిచేది.

రెండోది, ఇంటర్నెట్ అక్కర్లేదు. సిస్టమ్‌లన్నీ ఒక స్విచ్‌కి కలిపి ఉంటే చాలు. ఒకడు 'న్యూ గేమ్' కొట్టి సర్వర్ అవుతాడు, మిగతావాళ్లు లాన్ లిస్ట్‌లో చూసి చేరతారు. సెంటర్‌లో నెట్ పోతే బ్రౌజింగ్ చేసేవాళ్లు లేచిపోయేవాళ్లు, మేం మాత్రం కదిలేవాళ్లం కాదు. ఓనర్ అన్నకి కూడా మేమే గ్యారంటీ గిరాకీ.

మూడోది, సర్వర్ ప్రోగ్రామ్ మన చేతిలోనే ఉంటుంది. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు, సొంత మ్యాప్‌లు వేసుకోవచ్చు, రూల్స్ మార్చుకోవచ్చు. బీటెక్ హాస్టల్లో మేం అదే చేశాం. ఫోర్త్ ఫ్లోర్ వర్సెస్ సెకండ్ ఫ్లోర్ మ్యాచ్ అంటే మిడ్ ఎగ్జామ్ ముందు రోజైనా ఆగేది కాదు. మనుషులు తక్కువైతే పాడ్‌బాట్ లాంటి బాట్‌లు వేసుకుని ఆడేవాళ్లం. అవి కూడా అభిమానులు రాసినవే. పదేళ్ల పాత గేమ్ మా చేతుల్లో కొత్తగా ఉండటానికి కారణం, దాన్ని నడపడానికి మేం ఎవరి పర్మిషనూ అడగాల్సిన పని లేకపోవడమే.

2004: ఒకేసారి రెండు గేమ్‌లు, రెండు ముక్కలైన జనం

2004లో వాల్వ్ రెండు కౌంటర్-స్ట్రైక్‌లు వదిలింది.

మొదటిది కండిషన్ జీరో, మార్చిలో వచ్చింది. దీని తయారీ కథ సీరియల్‌లా సాగింది. ముందు రోగ్ ఎంటర్‌టైన్‌మెంట్ దగ్గర మొదలై, గేర్‌బాక్స్‌కి వెళ్లి, అక్కడి నుంచి రిచువల్‌కి, చివరికి టర్టిల్ రాక్ స్టూడియోస్‌కి చేరింది. ఇంతమంది చేతులు మారేసరికి గ్రాఫిక్స్ పాతబడిపోయాయి. కానీ టర్టిల్ రాక్ చేసిన బాట్‌లు మాత్రం అదుర్స్. ఒక్కళ్లమే ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ చేసుకునేందుకు అంత మంచివి అప్పటిదాకా లేవు. అదే స్టూడియో తర్వాత లెఫ్ట్ 4 డెడ్ చేసింది.

రెండోది కౌంటర్-స్ట్రైక్ సోర్స్. హాఫ్-లైఫ్ 2 కోసం తయారుచేసిన కొత్త సోర్స్ ఇంజిన్ మీద అదే ఆటని మళ్లీ కట్టారు. డబ్బాలు తన్నితే దొర్లుతాయి, గ్రాఫిక్స్ సూపర్. అయితే గన్ ఫీల్, కదలిక 1.6లా లేవని ప్రొఫెషనల్ ప్లేయర్లలో చాలామంది ముఖం తిప్పుకున్నారు. కొందరు సోర్స్, ఎక్కువమంది 1.6. టోర్నమెంట్లు కూడా రెండుగా చీలిపోయాయి. ఎనిమిదేళ్ల పాటు ఈ పంచాయితీ తెగలేదు.

కానీ ఇక్కడో విషయం గమనించండి. కొత్తది నచ్చనివాళ్లు పాతదే ఆడుకున్నారు. సోర్స్ వచ్చిందని 1.6 మాయం కాలేదు.

2012: సీఎస్ జీఓ, మెల్లగా మొదలై పెద్దదైంది

గ్లోబల్ అఫెన్సివ్ అసలు కొత్త గేమ్‌గా మొదలవ్వలేదు. హిడెన్ పాత్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే స్టూడియో సోర్స్‌ని కన్సోల్‌కి మార్చే పనిలో ఉండగా, ఇది పూర్తి గేమ్ అయితే బాగుంటుందని వాల్వ్‌కి అనిపించింది. 2012 ఆగస్ట్ 21న విడుదలైంది, ధర 15 డాలర్లు.

మొదట్లో రెస్పాన్స్ అంతంతమాత్రమే. 1.6 వాళ్లకి నచ్చలేదు, సోర్స్ వాళ్లకీ నచ్చలేదు. దాన్ని లేపింది రెండు విషయాలు. ఒకటి, వాల్వ్ ఓపిగ్గా అప్‌డేట్లు ఇస్తూ గన్‌లని, మ్యాప్‌లని సరిచేసింది. రెండోది 2013 ఆగస్ట్‌లో వచ్చిన ఆర్మ్స్ డీల్ అప్‌డేట్. గన్‌లకి రంగురంగుల స్కిన్‌లు వచ్చింది అప్పుడే.

కేసులు అమ్మిన డబ్బులో కొంత టోర్నమెంట్‌కి మళ్లించారు. అదే ఏడాది స్వీడన్‌లో డ్రీమ్‌హ్యాక్ వింటర్‌లో మొదటి మేజర్ జరిగింది. ప్రైజ్ మనీ 2,50,000 డాలర్లు, గెలిచింది స్వీడన్ జట్టు ఫ్నాటిక్. అక్కడి నుంచి వెనక్కి చూసుకోలేదు. 2018 డిసెంబర్‌లో డేంజర్ జోన్ అనే బ్యాటిల్ రాయల్ మోడ్ కలిపి, గేమ్‌ని మొత్తానికే ఫ్రీ చేసేశారు.

స్కిన్‌లు: ఇక్కడ కొంచెం జాగ్రత్త

స్కిన్ వల్ల గన్ పవర్ పెరగదు, గురి కుదరదు. అది ఉత్త పెయింట్. అయినా కొన్ని స్కిన్‌ల ధర కారు ధరని దాటింది. ఎలా?

ఆడుతుంటే కేసు వస్తుంది. దాన్ని తెరవాలంటే తాళంచెవి కొనాలి, ధర దాదాపు రెండున్నర డాలర్లు. లోపల ఏముంటుందో మీ అదృష్టం. చైనాలో నిబంధనల వల్ల బయటపెట్టిన లెక్క ప్రకారం కత్తి లాంటి అరుదైన ఐటమ్ వచ్చే అవకాశం 0.26 శాతం. అంటే సగటున 385 కేసులకి ఒకటి. తాళంచెవులకే 950 డాలర్లు పైన, మన డబ్బుల్లో 80 వేల దాకా. అది కూడా సగటు మాత్రమే. 385 తెరిస్తే గ్యారంటీగా వస్తుందని ఎక్కడా లేదు.

ఇది చాలదన్నట్టు స్కిన్‌లనే పందెం కాయించే బయటి సైట్లు పుట్టుకొచ్చాయి. 2016లో వాల్వ్ అలాంటి 23 సైట్లకి నోటీసులు పంపింది. 2019లో తాళంచెవుల ట్రేడింగ్ ఆపేసింది. మార్కెట్లో చేతులు మారుతున్న తాళంచెవులు దాదాపు అన్నీ మోసపు డబ్బుతో కొన్నవేనని తనే చెప్పింది. 2025 అక్టోబర్‌లో ఐదు ఎర్ర స్కిన్‌లు ఇచ్చి ఒక కత్తి తీసుకోవచ్చని ఒక్క అప్‌డేట్ ఇచ్చేసరికి కత్తుల ధరలు రాత్రికి రాత్రే కుప్పకూలాయి. పెట్టుబడి అనుకుని కొన్నవాళ్లు తలలు పట్టుకున్నారు.

మా హాస్టల్‌లో జూనియర్ ఒకడు సెమిస్టర్ ఫీజులో కొంత అలాంటి ఒక పందెం సైట్‌లో పోగొట్టాడు. ఇంట్లో చెప్పలేక రెండు నెలలు మెస్‌లో ఒక్క పూటే తిన్నాడు. తెలంగాణలో డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలు 2017 నుంచే నిషేధం. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఈ-స్పోర్ట్స్‌ని గుర్తిస్తూనే డబ్బు ఆటల్ని నిషేధించింది. ఆట ఆడండి, స్కిన్‌ల జూదం జోలికి పోకండి.

మన దేశంలో ఏం జరిగింది?

సీఎస్ జీఓ కాలానికి మనకి రెండు సౌకర్యాలు వచ్చాయి: చౌక ఇంటర్నెట్, దగ్గరి సర్వర్. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సిద్దిపేట నుంచి సింగపూర్ మూడు వేల కిలోమీటర్లకి పైనే. వెళ్లి రావడానికి కాంతికే 30 మిల్లీసెకన్లు, దారిలో రౌటర్ల ఆలస్యం అదనం. ముంబై అయితే 600 కిలోమీటర్ల పైచిలుకు, అంటే లెక్క ప్రకారం 6, 7 మిల్లీసెకన్లే. సర్వర్ ముంబైలో ఉందా, సింగపూర్‌లో ఉందా అన్నది ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమైంది కదా. ఎదుటివాడు మూల తిరిగింది మీకు కనిపించేలోపే మీరు చచ్చిపోవడం, ఆ తేడా వల్లే.

ఆట పెరిగింది, ఒక మచ్చ కూడా పడింది. 2018 అక్టోబర్‌లో షాంఘైలో జరిగిన ఒక ఆసియా టోర్నమెంట్‌లో ఆప్టిక్ ఇండియా ప్లేయర్ ఒకరు మ్యాచ్ మధ్యలో చీట్ ప్రోగ్రామ్‌తో దొరికిపోయాడు. ఆ ఫైల్ పేరు 'వర్డ్ డాట్ ఈఎక్స్ఈ' అని ప్రపంచమంతా మీమ్స్ వేసుకుంది. జట్టునే రద్దు చేశారు. ఏ పాపమూ తెలియని మిగతా నలుగురి కెరీర్ కూడా ఆ రోజే రోడ్డున పడింది. 2020లో రయట్ కంపెనీ వాలరెంట్ తెచ్చాక మన సీఎస్ ప్లేయర్లు చాలామంది అటు మారిపోయారు. వాలరెంట్ కూడా బాంబ్, డబ్బు, రౌండ్‌కి ఒకే ప్రాణం అన్న లెక్కనే వాడుకుంది, పైన కొన్ని మంత్రశక్తులు కలిపింది, అంతే.

2023: సీఎస్ 2, అప్‌డేట్ రూపంలో వచ్చిన కొత్త గేమ్

2023 సెప్టెంబర్ 27న సీఎస్ 2 వచ్చింది. నాకు తేదీ బాగా గుర్తు, ఎందుకంటే ఆ తర్వాత ఆరు రోజులకి, అక్టోబర్ 3న, సిద్దిపేటకి మొట్టమొదటి ప్యాసింజర్ రైలు వచ్చింది. ఊరంతా స్టేషన్‌లో సెల్ఫీలు దిగుతుంటే, మా వాట్సాప్ గ్రూప్ మాత్రం పొగ గురించి కొట్లాడుకుంటోంది.

ఆ పొగ విషయం నిజంగానే పెద్దది. పాత వెర్షన్లలో స్మోక్ గ్రెనేడ్ పొగ ఒక్కో ప్లేయర్ స్క్రీన్ మీద వేసే బొమ్మ లాంటిది. సోర్స్ 2 ఇంజిన్‌లో అది నిజమైన త్రీడీ వస్తువు. గది ఎంత ఉంటే అంత నిండుతుంది, బుల్లెట్ వెళ్తే చిన్న సందు పడుతుంది, బాంబ్ విసిరితే కాసేపు చెదిరిపోతుంది. ఆ సందు అందరికీ ఒకేలా కనిపిస్తుంది.

రెండోది సబ్-టిక్. సర్వర్ ఆటని నిరంతరంగా చూడదు, ఫొటోలు తీసినట్టు చూస్తుంది. సెకనుకి 64 సార్లు అంటే దాదాపు 15.6 మిల్లీసెకన్లకి ఒకసారి. ఇద్దరు ప్లేయర్లు ఆ మధ్యలో కాల్చుకుంటే ఎవరు ముందు? పాత పద్ధతిలో ఇద్దరివీ ఒకే టిక్‌లో పడేవి. సీఎస్ 2లో క్లిక్ చేసిన కచ్చితమైన క్షణం కూడా సర్వర్‌కి వెళ్తుంది. ఆలోచన అద్భుతం. అమలు మొదటి నెలల్లో అంత నున్నగా లేదని ప్రొఫెషనల్ ప్లేయర్లే అన్నారు, తర్వాత అప్‌డేట్లలో సర్దుకుంటూ వచ్చింది. మ్యాచ్ కూడా చిన్నదైంది. ముందు 16 రౌండ్లు గెలవాలి, ఇప్పుడు 13 చాలు.

ఇక అసలు విషయం. 1.6 పక్కన సోర్స్ వచ్చింది. సోర్స్ పక్కన జీఓ వచ్చింది. సీఎస్ 2 మాత్రం జీఓ పక్కన రాలేదు, జీఓ స్థానంలోనే వచ్చింది. స్టీమ్‌లో అప్‌డేట్ పడింది, అంతే, పాత గేమ్ పోయి కొత్తది కూర్చుంది. మ్యాక్, 32-బిట్ సిస్టమ్‌లు, డైరెక్ట్‌ఎక్స్ 9 కార్డులకి సపోర్ట్ తీసేశారు. అలాంటివాళ్లు ఆడేవాళ్లలో ఒక శాతం కన్నా తక్కువే అని వాల్వ్ వివరణ. పాత వెర్షన్‌ని లెగసీ బ్రాంచ్‌గా ఉంచి, దానికి సపోర్ట్ 2024 జనవరి 1తో ముగుస్తుందని చెప్పింది. అధికారిక మ్యాచ్‌లు మాత్రం సీఎస్ 2లోనే.

వ్యాపారంగా చూస్తే వాల్వ్ లెక్క కరెక్టే. 2004 లాగా జనం రెండుగా చీలలేదు. ఒకేసారి ఆడేవాళ్ల సంఖ్య 18 లక్షలు దాటింది. కానీ 2012లో 15 డాలర్లు పెట్టి కొన్నవాడి లైబ్రరీలో ఇప్పుడున్నది వాడు కొన్న గేమ్ కాదు. 2003లో స్టీమ్ స్విచ్ అని చెప్పానే, ఆ స్విచ్ పూర్తిగా నొక్కింది 2023లో. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన 1.6 ఇప్పటికీ ఆ మూల సిస్టమ్‌లో నడుస్తుంది. డబ్బు కట్టి కొన్న జీఓకి ఆ భరోసా లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

సరే, మీ సిస్టమ్‌లో ఏది ఆడాలి?

మా కజిన్‌కి చెప్పిందే మీకూ చెప్తున్నా.

పాత డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్ అయితే: 1.6 ఆడండి. స్టీమ్‌లో ఇప్పటికీ అమ్ముతున్నారు, సేల్‌లో ధర బాగా తగ్గుతుంది. ఇప్పుడు సంపాదిస్తున్నవాళ్లు కొనుక్కోండి, అప్పటి బాకీ తీర్చినట్టుంటుంది. కాకపోతే విండోస్ 7, 8లకి స్టీమ్ 2024 మొదట్లోనే సపోర్ట్ ఆపేసింది, కనీసం విండోస్ 10 ఉండాలి.

8 జీబీ ర్యామ్, నాలుగు థ్రెడ్‌ల ప్రాసెసర్, డైరెక్ట్‌ఎక్స్ 11 గ్రాఫిక్స్ ఉంటే: సీఎస్ 2 ఫ్రీ. డిస్క్‌లో 85 జీబీ ఖాళీ పెట్టుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉందా, రెండున్నాయా చూడండి. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు స్టిక్‌లు ఉంటే ఫ్రేమ్‌లు బాగా పెరుగుతాయి. రిజల్యూషన్ 1280 ఇంటూ 960కి దించండి. పెద్ద పెద్ద ప్రొఫెషనల్స్ కూడా అదే వాడతారు, నామోషీ ఏం లేదు. ప్రైమ్ కొనకపోయినా క్యాజువల్, డెత్‌మ్యాచ్ ఆడొచ్చు. ముందు వంద గంటలు అవి ఆడాక ఆలోచించండి.

మ్యాక్‌బుక్ అయితే: సీఎస్ 2 మ్యాక్‌కి లేదు.

ఫోన్ అయితే: వాల్వ్ చేసిన కౌంటర్-స్ట్రైక్ మొబైల్‌కి లేదు. ఆ పేరుతో ఏ ఏపీకే ఫైల్ ఎవరు పంపినా ఇన్‌స్టాల్ చెయ్యకండి.

కజిన్ ల్యాప్‌టాప్‌లో సీఎస్ 2 నడిచింది. మొన్న దసరాకి సిద్దిపేట వెళ్తే వాడి ఫ్రెండ్స్ నలుగురు, నేను కలిసి ఒక మ్యాచ్ ఆడాం. డస్ట్ 2 పడింది. గోడల రంగు మారింది, వెలుగు మారింది, పొగ మారింది. వాడు ఎటు వెళ్లాలో తెలియక నిలబడితే, "సొరంగంలకెళ్లి పో, ఎడమ దిక్కు డబ్బాల ఎనుక ఒకడుంటడు చూడు" అన్నాను. నిజంగానే ఒకడున్నాడు.

"నీకెట్ల ఎరుక అన్నా?" అన్నాడు వాడు.

ఎనిమిదో తరగతి నుంచి వాడక్కడే ఉన్నాడు మరి. గేమ్‌లో మనం కొన్నది ఏదైనా ఒక అప్‌డేట్‌తో పోవచ్చు. నేర్చుకున్నది మాత్రం పోదు. స్కిన్‌ల మీద పైసలు పెట్టే ముందు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మీరు మొదట ఆడిన వెర్షన్ ఏదో, ఏ మ్యాప్‌లో ఎక్కువసార్లు చచ్చారో కింద కామెంట్ చెయ్యండి.